మూసీ తీరము

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ హైదరాబాదు నడిబొడ్డున ప్రవహించుచున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన అది పొంగి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఆనాడు తన్నాశ్రయించిన నూటయేబది మందిని కాపాడినదందురు.

మరుసటి యేట వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు గట్లతో సరిపెట్టుకొనక ఎగువకు దృష్టి సారించిరి. వారి సూచన ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. ఒకవంక జలాశయముల పని సాగుచుండగా, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు పట్టణమును తీర్చిదిద్ద మొదలిడినది. హైకోర్టు ఒక గట్టున, ఉస్మానియా ఆసుపత్రి వేరొక గట్టున నిలిచి ఏటికి శోభ కూర్చినవి.

నేడు మరల తీరసౌందర్యపు మాట వినవచ్చుచున్నది. ఇందులకై 2017లో ఒక ప్రభుత్వ సంస్థ వెలసినది. 2024లో నదీగర్భమునందలి కొన్ని ఇండ్లు తొలగింపబడినవి. కాని మూసీలో పారుచున్నది మురుగు. గట్టుపై పూలు పూయించి క్రింద దుర్గంధమును పారనిచ్చినచో ఆ బాటన విహరించువా రెవ్వరు? ఆనాడు వరదను ఎగువనే నిలిపినట్లు, నేడు మురుగును నదిలో కలియకముందే శుద్ధిచేయవలెను. ఇల్లు కోల్పోయినవారికి నీడయు, బ్రతుకుతెరువును చూపవలెను. ఈ రెండును జరిగిన పిదపనే గట్టుకు అలంకారము.