పురపాలక ఎజెండాలో పల్లెకూ వాటా

తెనాలి, బాపట్ల, రేపల్లె: తెల్లవారుజామున కంద, అరటి గెలలు, కూరగాయల గంపలతో లంక గ్రామాల నుంచి తెనాలి చేరే రైతుకు మునిసిపాలిటీతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆయన ఓటు ఊళ్లో పంచాయతీకి. ఆయన ఇంటిపన్ను పంచాయతీకి. అయినా పట్నం మార్కెట్లో గంప దించి ఆశీలు చీటీ అందుకున్న నిమిషాన ఆయన పురపాలక సంఘానికి ఆదాయమిచ్చే మనిషి అయిపోతాడు. ఆ చీటీ మీది రేటు ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. గుత్తదారు తన ఇష్టానుసారం వేసుకోవలసిందీ కాదు. ఏదో ఒక నెల కౌన్సిలు సమావేశంలో, ఎజెండాలో ఒక అంశంగా వచ్చి, ‘ఆమోదించడమైనది’ అని మినిట్సు పుస్తకంలోకెక్కిన తీర్మానం అది.

ఆశీలు హక్కును ఏటా వేలం వేస్తారు. అంతకు ముందు పాటలు ఏ మేరకు పోయినదీ చూసి సర్కారువారి పాట నిర్ణయిస్తారు. ఎక్కువ పాడినవారి పేరు కౌన్సిలు ముందుకు వస్తుంది. పాట సరిపోలేదనుకుంటే మళ్లీ వేలం పెట్టమనే అధికారం సభ్యులకుంది. పాట పెరిగితే మునిసిపాలిటీకి రాబడి పెరుగుతుంది, నిజమే. అయితే పాడుకున్నవాడు ఆ సొమ్మును ఎక్కడి నుంచి రాబట్టుకుంటాడన్నదే పల్లె మనిషి అడగవలసిన ప్రశ్న. గంపకు ఇంత, బస్తాకు ఇంత, బండికి ఇంత అని మంజూరైన రేట్లు మార్కెట్ గేటు దగ్గర బోర్డు మీద కనిపిస్తే పేచీ ఉండదు. బోర్డు లేనిచోట, ఉన్నా అక్షరాలు చెరిగిపోయినచోట, నోటి మాటే రేటవుతుంది.

ఇక్కడొక మాట. తెనాలి నిమ్మకాయల యార్డు సంగతి వేరు. అది వ్యవసాయ మార్కెట్ కమిటీ కిందిది. అక్కడి కమీషను, తూకం తగాదాలు మునిసిపల్ కౌన్సిలరు దగ్గర మొర పెట్టుకుంటే తీరేవి కావు. ఏ గుమ్మం తొక్కాలో తెలియక రెండు ఆఫీసుల మధ్య చెప్పులరిగేలా తిరిగే రైతులకు ఈ తేడా తెలిసి ఉండటం మంచిది.

తెనాలి పురపాలక సంఘం 1909లో ఏర్పడింది. అప్పటికి అమలులో ఉన్నది 1884 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం. దాని తరువాత 1920 చట్టం వచ్చింది. బాపట్ల 1951లో మునిసిపాలిటీ అయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1965లో చేసిన పురపాలక సంఘాల చట్టమే, అనేక సవరణలతో, మూడు పట్టణాలకూ ఆధారమైంది. 2011 జనాభా లెక్కల్లో తెనాలికి 1,64,937 మంది, బాపట్లకు 70,777 మంది, రేపల్లెకు 50,866 మంది తేలారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోగా బాపట్ల జిల్లా కేంద్రమైంది, రేపల్లె ఆ జిల్లాలోకి వెళ్లింది. జిల్లాలు వేరైనా కాలువ నీళ్లు వేరు కాలేదు.

కౌన్సిలు సమావేశం నెలకొకసారి జరగాలి. ముందుగా సభ్యులకు ఎజెండా పంపుతారు. అందులో ఉండేవన్నీ పైకి చప్పగా కనిపించే విషయాలే. ఫలానా వార్డులో సైడు కాలువకు అంచనా మంజూరు. పారిశుధ్య కార్మికుల ఔట్‌సోర్సింగ్ గడువు పొడిగింపు. వీధి దీపాల సామాను కొనుగోలు. నీటి మోటారు రిపేరు బిల్లు. దుకాణాల అద్దె ఒప్పందాల పునరుద్ధరణ. గుమాస్తా అంశం సంఖ్య చదువుతాడు, ‘ఆమోదం, ఆమోదం’ అని నాలుగు గొంతులు వినపడతాయి, పుట తిరుగుతుంది. పత్రికలకెక్కేది అరుపులు, వాకౌట్లు, పోడియం ముందు బైఠాయింపులు. పట్నం బతుకును నిర్ణయించేది మాత్రం ఎవరూ అరవకుండా పుట తిరిగిపోయిన అంశాలే.

ఆ పుటల్లో ముఖ్యంగా చూడవలసింది ‘ఛైర్మన్ ముందస్తు అనుమతి’ అనే మాట. కౌన్సిలు కూర్చునే దాకా ఆగలేని పని పడితే ముందు ఛైర్మన్ అనుమతితో చేయించి, తరువాత సమావేశంలో ధృవీకరణకు పెడతారు. ఇది అవసరమైన ఏర్పాటే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటి వేళ ఇంజన్లు పెట్టి నీళ్లు తోడించడానికి, విరిగిపడ్డ చెట్లు తీయించడానికి ఎజెండా వేసి మూడోనాడు మాట్లాడదామంటే కుదురుతుందా? 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన రేపల్లె, నిజాంపట్నం వైపు పెద్దలకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే అత్యవసరం పేరు చెప్పి ముందే చేసిన పనుల బిల్లులు వరుసగా వస్తుంటే, ఎన్ని ఇంజన్లు, ఎన్ని గంటలు, ఎవరి ట్రాక్టరు అని ఒక్క సభ్యుడైనా లేచి అడగాలి. అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, వ్యతిరేకిస్తే ఆ అసమ్మతి, మినిట్సులో నమోదవుతాయి. తీర్మానం చేసేది కౌన్సిలు, అమలు చేసేది కమిషనరు. అడిగే హక్కు ఆ మధ్యలో ఉంది.

అడిగే మనిషే లేకపోతే ఎలా ఉంటుందో బాపట్ల చూసింది. 2014 మార్చి 30న ఎన్నికలు జరిగి, ఆ జులైలో కొలువుదీరిన పాలకవర్గాల గడువు 2019 జులైతో ముగిసింది. 2021 మార్చి 10న తెనాలిలో 40 వార్డులకు, రేపల్లెలో 28 వార్డులకు ఎన్నికలు జరిపారు. ఆ ఎన్నికల్లో బాపట్ల లేదు. పాలకవర్గం లేనప్పుడు దాని అధికారాలు ప్రత్యేకాధికారికి వెళతాయి. అప్పుడు కూడా ఎజెండా తయారవుతుంది, అంశాలకు నంబర్లుంటాయి, కింద ‘ఆమోదించడమైనది’ అనే ఉంటుంది. కాకపోతే ప్రతిపాదించేదీ, ఆమోదించేదీ అధికారులే. జీరో అవర్ ఉండదు. పనులు ఆగవు. ఒక్కోసారి చురుకుగానే సాగుతాయి కూడా. ‘మా వీధి కుళాయికి మూడు రోజులుగా నీళ్లు లేవు’ అని పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఒక కౌన్సిలరు గుమ్మం ముందు నిలబడి నిలదీసే వీలు మాత్రం పోతుంది. 2010 నుంచి 2014 దాకా మూడు పట్టణాలకూ ఇదే గతి పట్టింది. ఐదేళ్లలోపు ఎన్నికలు జరగాలని 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ చెబుతున్నా, ఖాళీలు ఏర్పడుతూనే వచ్చాయి. 2021లో ఎన్నికైన తెనాలి, రేపల్లె పాలకవర్గాలకు కూడా 2026 మార్చితో ఐదేళ్ల గడువు.

ఇక నీటి సంగతి. ప్రకాశం బ్యారేజీ నుంచి పశ్చిమ డెల్టా కాలువ దుగ్గిరాల వచ్చి పాయలుగా విడిపోతుంది. తెనాలి ఊరి నడుమ మూడు కాలువలు పారుతున్నాయి. చూడటానికి అందమే. ఆంధ్రా ప్యారిస్ అన్న పేరుకు ఆ కాలువలూ ఒక సాక్ష్యమని గర్వంగా చెప్పుకునేవారున్నారు. గట్టు మీద నిలబడి చెత్త సంచి కాలువలోకి విసిరేవారూ ఆ ఊరివారే. కాలువ నీటిపారుదల శాఖది, చెత్త పురపాలక సంఘానిది, ఆ నీళ్లు తాగవలసిన గొంతు దిగువ పల్లెలది. తూము దగ్గర చెత్త అడ్డంపడి పొలానికి నీరెక్కకపోతే లస్కరు మునిసిపాలిటీని చూపిస్తాడు, మునిసిపాలిటీ లస్కరును చూపిస్తుంది.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆ లోపుగా చెరువులు నింపుకోవాలి. చివరి భూములున్న రేపల్లె వైపు ఈ నింపుడే ప్రాణం. పట్నం చెరువు నిండేదాకా పంచాయతీ చెరువు తూము ఎత్తనివ్వలేదని, పల్లెలు మోటార్లు పెట్టి తోడేసినందువల్ల పట్నానికి నీరు చాలలేదని డెల్టా చివర వాదులాట కొత్త కాదు. ఇటువంటి తగాదా ఒక్క కౌన్సిలు తీర్మానంతో తేలేది కాదు. కాలువలు ఎప్పుడు కడతారో ముందే తెలుసుకుని, చెరువు పూడిక తీయించి, మోటార్లు సరిచూసుకునే అంశం జనవరి, ఫిబ్రవరి ఎజెండాల్లో ఉందా లేదా అన్నది మాత్రం కౌన్సిలు చేతిలోని పని. ఏప్రిల్‌లో ట్యాంకర్ల అద్దె అంశం వచ్చిందంటే, ముందటి నెలల్లో ఏదో జరగలేదన్నమాట. 2021 నుంచి 2026 దాకా 15వ ఆర్థిక సంఘం ఇటువంటి పట్టణాలకిచ్చిన గ్రాంటులో నూటికి 60 వంతులు తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు చేయాలని కట్టడి పెట్టింది. ఆ పద్దు కింద ఏ పనులు పెట్టారో చూస్తే ఊరి మనసు తెలిసిపోతుంది.

పన్నుల విషయంలో ఈ గడ్డకు పాత జ్ఞాపకం ఒకటుంది. అప్పట్లో బాపట్ల తాలూకాలో ఉన్న చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. నాలుగు వేల రూపాయలుండే పన్ను నలభై వేలకు పెరిగింది. చేనేతవారు, చిన్న రైతులు ఎక్కువగా ఉన్న ఊళ్లు అవి. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి వెళ్లాక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలాదిమంది ఇళ్లు విడిచి ఊరి బయట రామనగర్ అని పాకలు వేసుకుని ఎండకూ వానకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. మునిసిపాలిటీ వద్దనడానికి ఊరే లేచిపోయింది.

ఇప్పుడు ఊరు ఖాళీ చేసేవారు లేరు. అభ్యంతరం రాసిచ్చేవారూ తక్కువే. అద్దె విలువ మీద వేసే ఇంటిపన్నును 2021-22 నుంచి రాష్ట్రంలో ఆస్తి మూలధన విలువ మీద వేయసాగారు. నివాసాలకు ఆ విలువలో నూటికి పది పైసల నుంచి యాభై పైసల దాకా రేటు ఉండవచ్చన్నారు. పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదన్నారు. 375 చదరపు అడుగుల్లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలు చాలన్నారు. ఆ పరిధిలో రేటు ఎంతన్నది కౌన్సిలు తీర్మానంతో తేలవలసిందే. అదే కాలంలో 2021లో మొదలైన చెత్త రుసుము సంగతి అందరికీ తెలిసిందే. ఇంటింటా వసూలుకు వెళ్లిన వార్డు సచివాలయం పిల్లలు మాటలు పడ్డారు, కౌన్సిళ్లలో రభసలు జరిగాయి, చివరకు 2024లో ప్రభుత్వం మారాక అది రద్దయింది. రుసుము పోయింది గాని చెత్త పోలేదు.

ఆ చెత్త ఎక్కడికి వెళుతుంది? ట్రాక్టరు పొలిమేర దాటితే పట్నం మరచిపోతుంది. పొలిమేర అవతల పల్లె ఉంది. డంపింగ్ యార్డు పక్కన పొలమున్న రైతు గాలికి ఎగిరివచ్చిన సంచులు ఏరుకుని దుక్కి దున్నాలి. తడి, పొడి చెత్త ఇళ్ల దగ్గరే వేరు చేయాలని, బహిరంగంగా తగలబెట్టరాదని 2016 నిబంధనలే స్పష్టంగా చెప్పాయి. పొగ రాత్రిళ్లు వస్తుంది గనుక పగలు వచ్చే అధికారికి కనపడదు. పల్లెవారికి కౌన్సిలులో సభ్యుడు లేడు. సర్పంచి రాసిన కాగితం కౌన్సిలు ముందుకు అంశంగా వస్తే తప్ప ఆ గోడు మినిట్సులో ఉండదు.

ఇంకొకటి, విలీనం. పట్నం పెరిగే కొద్దీ చుట్టుపక్కల పంచాయతీలను కలిపే ప్రతిపాదనలు అప్పుడప్పుడు లేస్తాయి. కలిస్తే కుళాయి, దీపం, రోడ్డు వస్తాయని కొందరి ఆశ. స్థలాల ధర పెరుగుతుందని మరికొందరి లెక్క. కూలిజనం అడిగే ప్రశ్న వేరు. ప్రభుత్వ ఉపాధి పనులు గ్రామాలకే వర్తిస్తాయి, ఊరు పట్నంలో కలిసిననాడు ఆ కూలి రోజులు పోతాయి. ఇంటిపన్ను లెక్క మారుతుంది, సర్పంచి పోయి వార్డు వస్తుంది. ప్రతిపాదన ఎజెండాలో ఉన్నప్పుడే రాతమూలకంగా అభ్యంతరమో అంగీకారమో చెప్పుకోవాలి. ఉత్తర్వు వచ్చాక కోర్టు మెట్లే గతి.

అయితే సామాన్యుడికి ఈ కాగితాలు ఎలా దొరుకుతాయి? 2005 సమాచార హక్కు చట్టం కింద పురపాలక సంఘం ఆఫీసులో పది రూపాయల రుసుము కట్టి తీర్మానం నకలు అడగవచ్చు. అడిగేవారు ఆ పట్నం ఓటరు కానక్కరలేదు. ‘మార్కెట్ ఆశీలు వేలం తీర్మానం, మంజూరైన రేట్ల పట్టిక’ అని తేదీతో సహా రాస్తే సరిపోతుంది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కాగితం ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద ఇన్‌వర్డు ముద్ర, నంబరు వేయించుకోవడం మరవకూడదు. రేట్ల పట్టిక చేతికొచ్చాక దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మరునాడు తెల్లవారుజామున గంపతో పాటు మార్కెట్‌కు తీసుకువెళ్లి, గుత్తదారు మనిషి చీటీ చింపేటప్పుడు పక్కన పెట్టి చూపించాలి.