నడుము నొప్పి - కదలిక, మర్దనము



ముప్పదియైదేండ్లు బడిలో పిల్లల పుస్తకములమీదికి వంగి వంగి, ఉద్యోగము విడిచిన యేటనే నేను నడుము నొప్పికి లోనైతిని. ఒకనాటి వేకువను, నిద్ర లేచిన వెంటనే, బావికడ నీళ్లబిందె నెత్తబోయి వంగినవాడను మరల నిటారుగా నిలువలేకపోతిని. ఇరుగుపొరుగువారు నన్ను మంచమునకు జేర్చిరి. ఎంత కదలకుండిన నంత మంచిదని వచ్చినవారెల్లరు చెప్పిరి. నేనును ఇరువది దినము లట్లే పడియుంటిని. ఇరువదియొకటవ నాడు లేచి నిలుచుటకు ఇద్దరి యాసరా కావలసివచ్చెను. నొప్పి తగ్గలేదు సరికదా, కాళ్లలోని సత్తువయు పోయెను. ఈ తప్పు మీరు చేయకుండవలెనని నేటి ప్రసంగమునకు పూనుకొంటిని.

నడుమున నేమున్నదో మొదట జూతము. పక్కటెముకల దిగువ వెన్నున అయిదు పూసలు గలవు. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ల యొకటి యుండును. వైద్యులు దీనిని డిస్కు అందురు. మీదనుండి పడు బరువును ఓర్చుకొనుట దాని పని. ఎదిగిన మనుష్యునిలో ఈ బిళ్ల లోపలి భాగమునకు రక్తనాళములు పోవు. చుట్టుపట్లనుండి ఊరివచ్చు ద్రవమే దానికాహారము. బరువు పడినపుడు బిళ్లలోని నీరు కొంత వెలికి పోవును, బరువు తొలగినపుడు తిరిగి లోనికి వచ్చును. రాత్రియెల్ల పరుండుటచే బిళ్లలు నీరు పీల్చి ఉబ్బును గనుకనే మనిషి సాయంకాలముకంటె ప్రొద్దుట సుమారొక సెంటీమీటరు పొడవుగా నుండును. అట్లు ఉబ్బియున్న వేళ వంగి బరువెత్తుట నడుమునకు హాని. నా బిందె కథలోని పొరపాటిదియే.

స్వీడను దేశమున ఆల్ఫ్ నాకెమ్సన్ అను వైద్యుడు 1960వ దశాబ్దమున ఈ బిళ్లలోనికి సూదిని బంపి అందలి యొత్తిడిని కొలిచెను. వెల్లకిల పరుండినపుడు ఒత్తిడి తక్కువ. నిలుచున్నపుడు అంతకంటె చాల హెచ్చు. ముందునకు వంగి బరువు పట్టినపుడు మిక్కిలి హెచ్చు. నిలుచుటకంటె కూర్చుండుటయందు ఒత్తిడి యధికమని యతడు చెప్పగా, 1999లో జర్మనీలో మరల కొలిచినవారు అట్లు కాదనిరి. వాదప్రతివాదములు మన వ్యాకరణమునకే పరిమితములు కావు గదా!

పరుండిన నొత్తిడి తగ్గునపుడు పరుండియే యుండరాదా యని మీ రడుగవచ్చును. నేనును అట్లే తలచి చెడితిని. బిళ్లకు మేలుచేయునది బరువు పడుట, తొలగుట యను మార్పే గాని, ఊరక పడియుండుట గాదు. పైగా వెన్నును నిలబెట్టు కండరములు పని లేనిచో త్వరలో క్షీణించును. నొప్పి తీవ్రముగా నున్న యొకటి రెండు దినములు పరుండుడు. వెల్లకిల పరుండి, మోకాళ్లు మడిచి, పిక్కలను ముక్కాలిపీటమీద నానించినచో నడుమునకు హాయిగా నుండును. పిదప ఇంటిలోనే, గోడ పట్టుకొనియైనను, గంటకొకసారి నాలుగడుగులు వేయవలెను.

ఇక వ్యాయామము. చాపమీద వెల్లకిల పరుండి, మోకాళ్లు మడిచి, పొట్టను బిగించి, నడుము క్రింది సందు మూతపడునట్లు దానిని నేలకు అదుముడు. అయిదు లెక్కించి విడువుడు. ఊపిరి బిగబట్టరాదు. ఇట్లు పదిసారులైన పిమ్మట ఒక మోకాలిని చేతులతో రొమ్మువైపునకు దీసికొని ఇరువది లెక్కించువర కుంచుడు, రెండవదానిని నట్లే. తరువాత పిరుదులను జానెడెత్తు లేపి దించుడు. పిరుదుల కండరములు బలహీనమైనచో వాని పని నడుముమీద పడును గనుక దీనిని మానరాదు. కడపట చేతులు, మోకాళ్లు నేల కానించి, పిల్లి యొడలు విఱుచుకొనునట్లు వీపును పైకి వంచి మెల్లగా దించుడు.

అయితే అందరి నొప్పియు నొకటి గాదు. కొందరికి నొప్పి పిరుదునుండి కాలిలోనికి దిగును. మన వైద్యులు దీనినే గృధ్రసి యనిరి. ముందునకు వంగిన నొప్పి కాలిలోనికి పోవువారు మోకాలిని రొమ్మునకు దీయుట మాని, బోరగిల పరుండి మోచేతులమీద రొమ్మును కొంచెమెత్తి చూడవలెను. నొప్పి కాలిని విడిచి నడుములోనికి మరలివచ్చినచో అది మేలు గుర్తు. కాలిలోనికి ఇంకను దిగినచో వెంటనే మానుడు. బలవంతులైనను అర్ధశక్తితోనే వ్యాయామము చేయవలెనని వాగ్భటు డష్టాంగహృదయమున చెప్పెను. మనబోటి వృద్ధులకు పావుశక్తి చాలును.

మర్దనమును గూర్చి రెండు మాటలు. గోరువెచ్చని నువ్వులనూనెతో వెన్నునకు ఇరుప్రక్కల కండరములను బొటనవ్రేళ్లతో మెల్లగా నొత్తవలెను, ఎముకమీద నొత్తరాదు. పిరుదులలో గట్టిపడిన చోటున గుడ్డబంతి నుంచి, గోడకు చేరగిలి, అటునిటు కదలుట మంచిది. ఉప్పుమూట కాపడము కండరములను సడలించును; మధుమేహముచే స్పర్శ తగ్గినవారు మాత్రము వేడిని ఇతరులచే చూపించుకొనవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నడుము నొప్పికి వ్యాయామమును మర్దనమును మేలనియు, నడుముపట్టీలను వాడవలదనియు చెప్పినది. అయినను మర్దనముచే కలుగు సుఖము కొద్దికాలముది. ఆ సుఖమున్న వేళనే లేచి నడువవలెను.

ఎదురుకాళ్లతో బుట్టినవాడు తన్నినచో నడుము పట్టు వదలునని మన పల్లెలలో నొక నమ్మకము గలదు. నాకొరకును అట్టివా నొకని పిలిపించిరి. వాడు నా శిష్యుడే. గురువును తన్నుటకు జంకి, పాదము తాకించి నమస్కరించి పోయెను. ఆ జంకే నన్ను రక్షించెను. అరువదేండ్లు దాటినవారి, అందును స్త్రీల, యెముకలు గుల్లబారియుండును. ఒక్క తన్నునకు పూస విఱుగవచ్చును.

జారిపడిన తరువాత వచ్చిన నొప్పిని, జ్వరముతోడను కారణము లేక చిక్కిపోవుటతోడను కూడిన నొప్పిని ఇంటి వైద్యమునకు విడువక డాక్టరునకు చూపవలెను. తొడల నడుమ తిమ్మిరి కలిగినను, మూత్రము బిగిసినను, మలమూత్రములు తెలియకుండ పోవుచున్నను, కాలు పట్టు తప్పి ఈడ్చుచున్నను ఆ రాత్రియే బండి కట్టించి పెద్దాసుపత్రికి పోవలెను. తెల్లవారనిండని యెవరు చెప్పినను వినరాదు.