పొరుగు రాష్ట్రమున వేటగాని బండి

మన ఆశ్వయుజ కార్తికములకు సరియగు కాలము అమెరికా సంయుక్త రాష్ట్రముల పడమటి కొండలలో వేటకాలము. మినెసోటా నుండియో టెక్సాసు నుండియో బయలుదేరిన వేటగాడు తన పెద్ద మోటారు బండికి వెనుక ట్రైలరు తగిలించి, దానిపై నాలుగు చక్రముల చిన్న బండి నొకదానిని కట్టి, కొలరాడోకో వయోమింగునకో పయనము సాగించును. దారిలో రెండు మూడు రాష్ట్రముల సరిహద్దులు దాటును. ముందు నడచు పెద్దబండిని ఆపి, నీ రాష్ట్రపు రిజిస్ట్రేషను ఇచ్చట చెల్లదని యెవ్వరును అనరు. ట్రైలరుపై నున్న చిన్నబండికి మాత్రము ఆ మర్యాద లేదు. అది నేలపై దిగి అడవిబాట పట్టినంతనే ఈ రాష్ట్రపు అనుమతి చీటీ యేది యను ప్రశ్న పుట్టును. యజమాని యొక్కడే, పయన మొక్కటే. ఒక బండికి దేశమంతయు నొక్కటి, రెండవదానికి రాష్ట్రమున కొక దేశము. ఈ భేదము ఎట్లు వచ్చినది, ఇందు న్యాయమెంత యని విచారింప దలచినాము.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో జరిగిన సవరణయు వచ్చిన పిమ్మట వేట యనునది నేరముల పట్టికలోనిదే గాని వినోదముల పట్టికలోనిది గాదు. కావున ఈ చర్చ మనకేల యని పాఠకులు అడుగవచ్చును. వేటను సమర్థించుట మా యుద్దేశము గాదు. ఒక సమాఖ్యలో ఒక రాష్ట్రపు పౌరుడు మరియొక రాష్ట్రమున అడుగిడినపుడు ఆతని చేతిలోని కాగితమునకు విలువ యెంత యన్నదే ప్రశ్న. పుట్టిన యూరు ఒక రాష్ట్రమునను, బ్రతుకుతెరువు మరియొక రాష్ట్రమునను గల తెలుగువారికి ఆ ప్రశ్న క్రొత్తది గాదు. హోసూరునను బళ్లారిలోను మోటారు బండి గలవారిని అడిగిన చాలును.

ఆ చిన్నబండి యేల కావలెనో ముందు చెప్పవలసియున్నది. పడమటి కొండలలో వేటగాండ్రు విశేషముగా కోరునది ఎల్కు అను పెద్ద దుప్పి. బాగుగా పెరిగిన పోతు సుమారు 300 కిలోల తూగును. దానిని కొట్టుట ఒక యెత్తు, కొండ దింపుట పదియెత్తులు. మాంసమును ముక్కలు చేసి వీపున మోసి తెచ్చుటకు ఒక్కొక్కప్పుడు రెండు దినములు పట్టును. ఎండ తగిలిన చెడిపోవును. తినదగిన మాంసమును అడవిలో వదలి వచ్చుట పెక్కు రాష్ట్రములలో నేరము. వయస్సు మళ్లినవారికిని, అంగవైకల్యము గలవారికిని ఈ బండియే కాళ్లు. కావున దానిని కేవలము విలాస వస్తువని కొట్టివేయుటకు వీలులేదు.

న్యాయశాస్త్రము చదివినవారికి ఈ కథ 1915లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన హెండ్రిక్ వ్యాజ్యముతో ఆరంభమగును. హెండ్రిక్ వాషింగ్టను నగరవాసి. ఒకనాడు తన కచేరీనుండి స్వంత బండిలో బయలుదేరి, చేరువనే యున్న మేరీలాండు రాష్ట్రములోని హయట్స్‌విల్ అను ఊరికి బోయెను. మేరీలాండు రిజిస్ట్రేషను లేదని ఆతనిని పట్టుకొని జరిమానా విధించిరి. ఒకే దేశములో ఒకచోటినుండి మరియొకచోటికి స్వేచ్ఛగా బోవుట పౌరుని హక్కు గదా యని ఆతడు వాదించెను. కోర్టు అంగీకరింపలేదు. మోటారు బండ్లు బాటలను మిక్కిలి పాడుచేయును. బాటలు వేయుటకు, బాగుచేయుటకు రాష్ట్రము ధనము వెచ్చించుచున్నది. కావున కేంద్ర శాసనసభ వేరుగా చట్టము చేయనంతవరకు, బయటివాని బండికిని రిజిస్ట్రేషను కోరుటయు, సమంజసమైన రుసుము పుచ్చుకొనుటయు రాష్ట్రముల యధికారములోనివే యని తీర్మానించెను. మరుసటి సంవత్సరమే న్యూజెర్సీ విషయమున వచ్చిన మరియొక వ్యాజ్యములోను కోర్టు ఇదే మార్గము ననుసరించెను.

ఈ వాదము మన న్యాయస్థానములకును పరిచితమే. రాజస్థాను మోటారు పన్నును గూర్చి 1962లో మన సుప్రీంకోర్టు విచారించినపుడు, బాటల వాడుకకు బదులుగా పుచ్చుకొను పన్ను రాజ్యాంగములోని 301వ అధికరణము చెప్పు వర్తక స్వేచ్ఛకు అడ్డు గాదని చెప్పెను. 2016లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము జిందాల్ స్టెయిన్‌లెస్ వ్యాజ్యమున ఆ 'ప్రతిఫల పన్ను' సిద్ధాంతమును త్రోసివేసి, పన్నులో వివక్ష యున్నదా లేదా యన్నదే చూడవలసిన దని యధిక సంఖ్యాకుల మతముగా ప్రకటించెను. రెండు దేశముల తీర్పులను ప్రక్కప్రక్క నుంచి చదివినచో మాకు తోచున దిది: అతిథినుండి రుసుము పుచ్చుకొనుట తప్పు గాదు, ఇంటివానికంటె నధికముగా పుచ్చుకొనుటకు మాత్రము హేతువు చూపవలెను.

హెండ్రిక్ కాలమునాటి చిక్కు పెద్దబండ్ల విషయమున క్రమముగా విడిపోయినది. రాష్ట్రములు ఒకదాని రిజిస్ట్రేషను నొకటి గౌరవించుట కలవాటుపడినవి. అందుకు ఆర్థిక కారణము కూడ నున్నది. ఏ రాష్ట్రమున పయనించిన ఆ రాష్ట్రమున పెట్రోలు పోయించుకొనక తప్పదు; పెట్రోలుపై పన్ను రాజమార్గముల నిధికి జేరును; అతిథి తనకు తెలియకయే బాటకూలి చెల్లించుచున్నాడు. అడవిబాటల లెక్క వేరు. వాని మరమ్మతు, గుర్తుల పలకలు, కాపలా మొదలగువానికి చిన్నబండ్ల చీటీల రుసుమే ముఖ్యాధారము. ఇంటియొద్దనే చీటీ కొని వచ్చిన వేటగాని సొమ్ము ఇంటియొద్దనే నిలిచిపోవును. బండిచక్రములు గుంటలు చేయునది కొలరాడో కొండలలో. ఈ లోపమును పూరించుటకే రాష్ట్రములు అతిథి చీటీ నేర్పరచినవి. దీనిని మేము తప్పుపట్టజాలము.

కాని ఏర్పాటు ఏకరీతిగా నున్నదా యనిన, లేదు. కొలరాడోలో స్థానికుడైనను పొరుగువాడైనను చీటీ కొనవలసినదే; సొంత రాష్ట్రమున రిజిస్ట్రేషను గలదని చెప్పినను విడువరు. వెల ఇటీవలి సంవత్సరములలో ఇరువురికిని ఒకటే, 25 డాలర్ల చిల్లర. వయోమింగులోను అందరికిని చీటీ కావలెను. అరిజోనాలో పూర్వము పొరుగువాడు తన రాష్ట్రపు కాగితముతోనే వరుసగా 30 దినములు తిరుగవచ్చునను వెసులుబాటు ఉండెడిది. 2021లో వచ్చిన చట్టముతో అది పోయి, అతిథికి వేరు చీటీ వచ్చినది. యూటా రాష్ట్రము 2023 నుండి, స్థానికుడు గాని పొరుగువాడు గాని, ప్రభుత్వ భూములలో ఈ బండ్లను నడుపగోరు వారందరును ఒక పాఠము చదివి ధ్రువపత్రము పొందవలెనని విధించినది. మినెసోటాలో తుపాకితో దుప్పుల వేట సాగు దినములలో లైసెన్సు గల వేటగాడు కాల్పుల వేళలో బండి నడుపరాదు. పగలు 11 గంటలనుండి 2 గంటలవరకు మాత్రము నడుపవచ్చును. ఈ నియమమునకు మినహాయింపులును కొన్ని కలవు. మధ్యాహ్న భోజనవేళ మృగములకును మనుష్యులకును సంధికాలమని శాసనకర్తలు తలచిరి కాబోలు!

వేట లైసెన్సు సంపాదించుటతో సర్వమును ముగిసినదని తలచువారే ఈ చిక్కులలో ఎక్కువగా పడుదురు. వేట లైసెన్సు మృగమునకు సంబంధించినది. చీటీ బండికి సంబంధించినది. నేలకు సంబంధించిన అనుమతి మూడవది. ఈ మూడవదానినే పెక్కుమంది మరతురు. పడమటి రాష్ట్రములలో అడవులును బయళ్లును చాలవరకు కేంద్ర ప్రభుత్వపు సొత్తు. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సను, బాట విడిచి నడచు బండ్లు ఏ నేలపై నడువవచ్చునో, ఏ నేలపై నడువరాదో నిర్ణయించి గుర్తింప వలసినదని శాఖల నాజ్ఞాపించెను. 1977లో కార్టరు ఆ యుత్తర్వును బిగించి, హాని కలుగుచున్నచోట వెంటనే మూసివేయ వలెననెను. ఇన్ని సంవత్సరములు సాగిలపడిన పిదప 2005లో కేంద్ర అటవీశాఖ నియమము వెలువడెను. ఒక్కొక్క అడవికి ఒక పటము అచ్చువేయుదురు. పటములో గుర్తింపబడిన బాటపైనే, గుర్తింపబడిన కాలములోనే బండి నడువవలెను. పటములో లేని బాట, కంటికి ఎంత స్పష్టముగా కనబడినను, బాట గాదు. చంపిన పెద్ద మృగమును తెచ్చుకొనుటకై కొన్ని బాటల కిరుప్రక్కల కొంత దూరము బండితో బోనిచ్చుటకు ఆ నియమములో వెసులుబాటు కలదు గాని, అదియు ఆయా అడవి యధికారి అంగీకరించి పటములో చూపినచోటనే. 1964 చట్టము ప్రకారము 'వనభూమి'గా నిర్ణయింపబడిన ప్రదేశములలో మోటారుకు ప్రవేశమే లేదు. రాష్ట్రమునకు రుసుము చెల్లించినాను గదా యని అచ్చట వాదించిన వినువారు లేరు.

ఇంత నిర్బంధ మేల యని విసుగుకొనువారికి ఒరెగాను రాష్ట్రములోని స్టార్కీ ప్రయోగారణ్యమున జరిగిన పరిశోధనలను చూపవచ్చును. ఎత్తయిన కంచె లోపల ఎల్కుల మెడలకు యంత్రములు కట్టి, మనుష్యుల రాకపోకలకు అవి యెట్లు చలించునో అచ్చట కొలిచిరి. నడచి వచ్చువానికంటె, గుఱ్ఱముపై వచ్చువానికంటె చిన్నమోటారు బండికి అవి యెక్కువగా బెదరి తొలగిపోవుచున్నవని తేలినది. అనగా బండితో మృగమును వెదకువాడు తనకును తన వెనుక కాలినడకను వచ్చువానికిని కూడ వేటను చెఱచుచున్నాడు. బాటలకు హద్దు పెట్టుమని కోరువారిలో వేటగాండ్రును ఉండుటకు ఇది యొక కారణము.

ఇక రుసుములోని భేదముల సంగతి. వేట లైసెన్సు వెలలలో స్థానికునికిని అతిథికిని గల అంతరము మనకు ఆశ్చర్యము గొలుపును. 1976లో మోంటానా రాష్ట్రమున ఎల్కు వేటకు స్థానికుడు 9 డాలర్లు చెల్లించిన చాలును. పొరుగువాడు పలు మృగములకు కలిపి యిచ్చు లైసెన్సునే కొనవలెను, దాని వెల 225 డాలర్లు. మినెసోటా వేటగాండ్రు కొందరును, అతిథులకు దారి చూపి జీవించు మోంటానావా డొకడును కోర్టు కెక్కిరి. ఎల్కు వేట వినోదమే గాని బ్రతుకుతెరువు గాదు, అది రాజ్యాంగము రక్షించు మౌలికాధికారములలో చేరదు అని 1978లో సుప్రీంకోర్టు వారి వాదమును త్రోసిపుచ్చెను. అదే కోర్టు 1948లో, దక్షిణ కెరొలైనా రాష్ట్రము రొయ్యలు పట్టు పడవకు తనవారినుండి 25 డాలర్లును, పొరుగువారినుండి 2500 డాలర్లును కోరగా, అది చెల్లదని కొట్టివేసియుండెను. రొయ్యలు కూడు, ఎల్కు వేడుక. ఈ విభాగము మాకు సమ్మతమే. అయినను బాట చీటీకి మోంటానా తీర్పును ఆధారముగా జూపుట కూడదు. ఎల్కు మందలను స్థానికులు తమ పన్నులతో, తమ పొలముల మేతతో పెంచిరి గనుక వారికి కొంత హెచ్చు హక్కు గలదనుట యొక వాదము. అతిథి చక్రము చేయు గుంట స్థానికుని చక్రము చేయు గుంటకంటె లోతైనది గాదు. ఇరువురికిని ఒకే వెల పెట్టిన కొలరాడో పద్ధతియే న్యాయము. అతిథిపై హెచ్చు వేయదలచిన రాష్ట్రము ఏ వ్యయమునకై వేయుచున్నదో చెప్పవలెను.

మా ముఖ్యాక్షేపణ రుసుముపై గాదు. శిక్షించుటలో ఏకమైన రాష్ట్రములు తెలియజెప్పుటలో ఏకము గాకపోవుటపై. 1900లోనే లేసీ చట్టమువలన, ఒక రాష్ట్రపు నియమమును మీరి చంపిన మృగమును సరిహద్దు దాటించుట కేంద్ర నేరమైనది. 1989లో కొలరాడో, నెవాడా, ఒరెగాను రాష్ట్రములు వేట నేరములకు ఒడంబడిక చేసికొనెను. నేడు దాదాపు రాష్ట్రములన్నియు అందు చేరియున్నవి. వయోమింగులో వేట నియమమును మీరి లైసెన్సు పోగొట్టుకొన్నవాడు తన సొంత రాష్ట్రమునను వేటాడజాలడు. బండిపైనుండి కాల్చుట వంటి తప్పు, గుండు పెట్టిన తుపాకిని బండిలో నుంచుట వంటి తప్పు, ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క రీతిగా నిర్వచింపబడి యున్నవి. శిక్ష మాత్రము దేశమంతయు వెంబడించును. కొన్ని రాష్ట్రములలో ఎల్కు చీటీకి చీట్లుతీయు పద్ధతి కలదు. ఏండ్ల తరబడి వేచి ఆ చీటీ సంపాదించినవానికి లైసెన్సు పోవుట స్వల్ప విషయము గాదు. పాలకులు ఇంత దక్షతతో నేరగాని పేరు పంచుకొనుచున్నపుడు, బండి చీటీ విషయమున ఒకరి కాగితము నొకరు మన్నించుటకో, లేక ఒక్కచోట రుసుము కట్టిన అది బాటలను బట్టి పంచుకొనుటకో అంత విస్తృతమైన ఒడంబడిక యేల కుదురలేదు? లారీల విషయమున వారు దీనిని సాధించిరి. పలు రాష్ట్రములలో తిరుగు లారీల రిజిస్ట్రేషను రుసుమును నడచిన దూరమును బట్టి రాష్ట్రములు పంచుకొనుచున్నవి.

మన దేశము ఇందు వారికంటె ముందున్నదని చెప్పజాలము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఒక రాష్ట్రమున పుచ్చుకొన్న పర్మిట్టుకు మరియొక రాష్ట్రమున సాధారణముగా ప్రతిసంతకము కావలెను. సొంతబండి యైనను పన్నెండు నెలలకు మించి యొకచోట నుంచిన క్రొత్త రిజిస్ట్రేషను గుర్తు పుచ్చుకొనవలెను. 2021లో వచ్చిన భారత్ శ్రేణి ప్రభుత్వోద్యోగులకును, నాలుగు లేక అంతకుమించిన రాష్ట్రములలో కచేరీలున్న సంస్థల యుద్యోగులకును ఈ బాధ తప్పించెను. అంగడి పెట్టుకొని బ్రతుకువానికి తప్పింపలేదు.

అమెరికాలో నివసించుచు ఈ వేడుకయందు ఆసక్తిగల మనవారెవరైన నున్న, ఇంటినుండి కదలకముందే పోబోవు రాష్ట్రపు వేటశాఖను లైసెన్సు గూర్చియు, బండ్ల చీటీ నిచ్చు శాఖను రుసుము గూర్చియు, అడవి కచేరీని ఆ సంవత్సరపు పటము గూర్చియు వేరువేరుగా విచారించుట మేలు. తేదీలుకూడ చూచుకొనవలెను. కొలరాడో చీటీ యేప్రిలు 1వ తేదీన మొదలై మార్చి 31వ తేదీతో ముగియును. శరత్కాలపు ఎల్కు వేటకు దానితో చిక్కులేదు. వసంతమున టర్కీ కోళ్ల వేటకు బోదలచి మార్చిలోనే తొందరపడి ఆ యేటి చీటీ కొన్నవానికి మాత్రము, యేప్రిలులో కొండ యెక్కునాటికి చేతనున్నది చెల్లని కాగితము.