మిరపకాయలోని కారము

కొనకనమిట్ల, మార్కాపురము చుట్టుపట్ల మెట్టభూములు మెండు, వానలు తక్కువ. ఆ ప్రాంతపు మిరపరైతులు శ్రమకోర్చి పండించిన కాయను కల్లములో ఎండబెట్టి, తాలుకాయలను వేరుచేసి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు పంపుదురు. అచ్చట రంగును, ఘాటును చూచి ధర కట్టుదురు. ఆ ఘాటు కాయలో ఎచ్చటనున్నది?

గింజలలో నున్నదని పలువురి నమ్మకము. అది సరికాదు. కాయను నిలువున చీల్చినచో గింజలంటియున్న తెల్లని పొర కనబడును. కారము ముఖ్యముగా అందే పుట్టును. ఆ పొరకు తగిలియుండుటచే గింజలకును కారమంటును.

ఈ కారపు పదార్థమును 1816లో బుకోల్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు అపరిశుద్ధరూపమున వేరుచేసెను. 1876లో థ్రెష్ అను ఆంగ్లేయుడు దానిని శుద్ధిచేసి ‘కాప్సైసిన్’ అని పేరిడెను.

కాప్సైసిన్ నీటిలో దాదాపుగా కరగదు. నూనెలోను, ఆల్కహాలులోను కరగును. ఆవకాయపై తేలిన నూనె కారముగా నుండుటకు కారణమిదియే. కర్మాగారములలో చేయునదియు నిట్టిదే. ఎండుకాయల పొడిపై ఎసిటోన్ వంటి ద్రావకమును పోయుదురు. అది రంగును, నూనెను, కారమును కరగించుకొని క్రిందికి దిగును. దానిని వేడిచేసి, ద్రావకమును ఆవిరిగా తొలగించి, ఆ యావిరిని చల్లార్చి మరల వాడుకొందురు. మిగిలిన చిక్కని ఎఱ్ఱని సారమే ఓలియోరెసిన్.

ఇందు కారముతోపాటు రంగును, కొవ్వును గలవు. వానిని తొలగించుటకు ఒక యుపాయము కలదు. కాప్సైసిన్ క్షారజలమున కరగును. సారమును పెట్రోలియపు ద్రావకములో కలిపి, క్షారజలముతో కుదిపినచో కాప్సైసిన్ నీటిపొరలోనికి దిగును. రంగు పైపొరలోనే నిలుచును. పిమ్మట ఆ నీటిలోనికి బొగ్గుపులుసు వాయువును పంపినచో క్షారగుణము తగ్గి కాప్సైసిన్ విడివడును. దానిని పలుమార్లు కరగించి స్ఫటికములుగా మార్చినచో రంగులేని శుద్ధపదార్థము లభించును. ద్రావకములు సులభముగా నంటుకొనును. శుద్ధమైన కారపు ధూళి ఊపిరికి అపాయకరము. కావున ఈ పనిని బడిలోగాని, ఇంటిలోగాని చేయరాదు.

కాప్సైసిన్ చర్మమును నిజముగా కాల్చదు. వేడిని తెలుపు నరముల కొనలను తట్టిలేపుటచే మంట తోచును. ఆ కొనలలో కారము తగులుచోటును 1997లో డేవిడ్ జూలియస్ బృందము కనుగొనెను. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి లభించినది. అదే కాప్సైసిన్‌ను నేడు నొప్పులు తగ్గించు లేపనములలో వాడుచున్నారు.

మిరపకోత కూలీల చేతులు రాత్రివేళలందును మండుచుండును. వట్టినీటితో ఎంత కడిగినను ఆ మంట పోదు. ముందు నూనె రాచి, పిదప సబ్బుతో కడుగవలెను. నీటికి లొంగక నూనెకు లొంగు ఆ గుణమే కర్మాగారమునకు సరకు నిచ్చుచున్నది. కూలిచేతికి ఊరటయు నిచ్చుచున్నది.