ఫ్రెంచి పాఠమునందలి ఆదేశములను గ్రహించు విధము

మన ఆబిడ్సు చేరువనున్న గన్‌ఫౌండ్రీ, నిజామలీఖాను కొలువునందలి ఫ్రెంచి సేనాని రేమండు ఫిరంగులు పోయించిన తావుగ ప్రసిద్ధము. 1798వ సంవత్సరమున మరణించిన ఆతనిని జనులు ‘మూసారాము’ అని పిలుచుకొనిరనియు, మూసారాంబాగునకు ఆ పేరే నిలిచినదనియు చెప్పుదురు. పరభాషాపదమును అట్లు తమ నోటికి అనుకూలముగ మార్చుకొనుటవలన ఎవరికిని నష్టము లేదు. కాని ఇంటిపాఠమున ఒక పదమును వేరుగ గ్రహించిన బాలుడు ఎంత శ్రమించినను మార్కులు కోల్పోవును. అంతకు మించి, తనకు తెలివి లేదని క్రుంగిపోవును. అట్టి పిల్లలను మేము చూచితిమి.

“మాకు ఫ్రెంచి రాదు, మేమేమి సాయము చేయగలము?” అని తలిదండ్రులు అడుగుదురు. చేయగలరనియే మా సమాధానము.

మొదట ఆదేశమునందలి క్రియను చూడవలెను. ‘కొంప్లెతే’ అనగా పూరింపుడు; ‘సులిన్యే’ అనగా క్రింద గీత గీయుడు; ‘కొషే’ అనగా సరియైనదానికి గుర్తు పెట్టుడు. ‘రలవే’ అను పదమునకు పైకెత్తుడు అనియు అర్థము కలదు. పాఠమున మాత్రము ఏరి వ్రాయుడు అని గ్రహింపవలెను. ఇట్టి క్రియలను బాలుడు ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనుట మేలు.

పదములు తెలిసినను ఒక్కొక్కప్పుడు చిక్కు తీరదు. ‘చిన్న పిల్లి నిద్రించుచున్నది’ అను ఫ్రెంచి వాక్యమును బహువచనమున వ్రాయుమన్నచో, బాలుడు పిల్లి అను పదమును మాత్రమే మార్చును. ‘పిల్లులు నిద్రించుచున్నది’ అనిన మన చెవికే తప్పుగ తోచును గదా! క్రియయు మారవలెను. తెలుగున ‘చిన్న’ మారదు. ఫ్రెంచిలో ఆ విశేషణమునకును బహువచనపు అక్షరము చేరును. అది పలుకునందు వినబడదు గావున పిల్లలు మరతురు.

ఇంకొకటి: ‘భూతకాలమున వ్రాయుడు.’ ‘ఇల్ ఆ ప్లు’ అనగా వర్షము కురిసెను. ‘ఇల్ ప్లొవే’ అనగా వర్షము కురియుచుండెను. రెండును భూతకాలములే. ఏది కోరిరో తెలియుటకు ముందుగా ఇచ్చిన ఉదాహరణమును, ఆ వారము చదివిన పాఠమును చూడవలెను. అప్పటికిని తేలనిచో దోషము బాలునిది కాదు. తాను గ్రహించిన అర్థము ననుసరించి వ్రాసి, ప్రక్కన తన సందేహమును ఒక పంక్తిలో తెలిపి, మరునాడు ఉపాధ్యాయుని అడుగవలెను.

కావున తలిదండ్రులారా! మీరు జవాబు చెప్పవలదు, కోపింపవలదు. “నిన్నేమి చేయుమన్నారు? తెలుగున చెప్పుము” అని మాత్రము అడుగుడు. చెప్పగలిగినచో సగము పని తీరినట్లే. చెప్పలేనిచో చిక్కెచ్చట నున్నదో తెలియును. ఆదేశములు వ్రాయు మాకును ఒక ధర్మము కలదు: ఏ భూతకాలము కావలెనో స్పష్టముగ వ్రాయుట. సందేహమును అడుగుట అవివేకము కాదని పిల్లలకు మనమందరమును తెలుపుదము.