పడవ కోసం కరిగిపోయే దిమ్మ

చింతపండు చారు రాత్రంతా సిల్వర్ గిన్నెలో, అంటే అల్యూమినియం గిన్నెలో, ఉండిపోతే ఏమవుతుందో మా పాలమూరు ఇళ్లలో అందరికీ తెలుసు. తెల్లారి కడిగి చూస్తే అడుగున సూదితో పొడిచినట్టు చుక్కలు. కొన్నేళ్లకు ఆ చుక్కల్లోంచే వెలుతురు కనబడుతుంది. అల్యూమినియం పడవకు వచ్చే జబ్బూ ఇదే. ఇనుములా ఎర్రగా పొరలు రాలవు. ఒళ్లంతా బాగానే ఉండి, ఒక్కచోట లోతుగా గుంట పడుతుంది.

గాలి తగలగానే అల్యూమినియం మీద కంటికి కనబడని ఆక్సైడ్ పొర కమ్ముకుంటుంది. గీత పడితే తనే పూడ్చుకుంటుంది. అందుకు ఆక్సిజన్ కావాలి, తడి బురద కింద అది అందదు. కృష్ణ మీద ఇది పెద్ద చిక్కే. శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. ఎండాకాలం నీళ్లు తీసి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో సోమశిల ఒడ్డంతా బురదే. పుట్టి నడిపేవాళ్లు వెదురు అల్లిక మీద పట్టా వేసి తారు పూస్తారు, ఒడ్డుకు రాగానే బోర్లిస్తారు. లోహపు పడవనూ అలాగే కడిగి, దుంగల మీదికెత్తి ఆరబెట్టాలి.

రెండో శత్రువు పక్కనున్న మరో లోహం. 1895లో అమెరికా కప్ పడవ పందెం గెలిచిన ‘డిఫెండర్’ పడవకు నీటి కింద కంచు, పైన అల్యూమినియం, లోపల ఉక్కు చట్రం. ఉప్పునీటిలో ఆ మూడూ కలిసి బ్యాటరీ అయ్యాయి, అల్యూమినియం కరిగింది. 1901లో పడవను విప్పేశారు. మన పడవ అడుగున తెగిపడిన రాగి తీగ ముక్క చాలు, అదే పని చేస్తుంది.

మందు మాత్రం ‘డిఫెండర్’కు 71 ఏళ్ల ముందే దొరికింది. బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగు తరిగిపోతోందంటే 1824లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ పరీక్షించాడు. బఠాణీ గింజంత జింకు తాకిస్తే నలభై, యాభై చదరపు అంగుళాల రాగి నిలిచింది. జింకు తాను కరిగి రాగిని కాచింది. ఓడలకు అలాంటి దిమ్మలు బిగించాక మాత్రం కథ అడ్డం తిరిగింది. రాగి కరగడం ఆగేసరికి దాని విషమూ ఆగి, నాచు, గుల్లలు పట్టి ఓడలు మందగించాయి. నౌకాదళం ఆ దిమ్మలు తీయించింది. డేవీ ఆలోచనలో తప్పు లేదని నా నమ్మకం. ఇప్పటి లోహపు పడవలు చాలావరకు దాని మీదే బతుకుతున్నాయి.

ఏ నీటికి ఆ దిమ్మ. సముద్రంలో జింకు సరిపోతుంది. జూరాల, సోమశిల లాంటి మంచినీటిలో జింకు మీద గట్టి పొర కట్టి అది పనిచేయదు, మెగ్నీషియం కావాలి. అదే మెగ్నీషియాన్ని ఉప్పునీటికి తీసుకెళ్తే అతిగా పనిచేసి అల్యూమినియాన్నే దెబ్బతీస్తుంది. దిమ్మకు రంగు వేయకూడదు. దాని బోల్టు పచ్చి లోహాన్ని తాకాలి.

గుంట పడితే స్టెయిన్‌లెస్ బ్రష్‌తోనే గీకాలి. మామూలు ఇనుప బ్రష్ నలుసులు వదిలి కొత్త తుప్పుకు విత్తనం వేస్తుంది. తెల్లపొడి పోయి లోహం మెరిశాక మంచినీటితో కడిగి, ఆరనిచ్చి, ఎపాక్సీతో పూడ్చి, ప్రైమర్ వేయాలి. ఆపైన వేసే రంగులో రాగి ఉండకూడదు. చిల్లే పడితే ఆ ముక్క కోసి, అదే మిశ్రమలోహపు రేకు ఆర్గాన్ వెల్డింగ్‌తో అతకాలి. అతికే ముందు పొర గీకక తప్పదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ కరగాలంటే మాత్రం రెండు వేలు దాటాలి.

వానాకాలం వరద రాకముందే పడవ కింద దూరి ఒకసారి దిమ్మను చూడండి. సగం అరిగిందంటే కొత్తది బిగించాలి.