చేటలో బియ్యం, కంప్యూటర్‌లో అణువులు

పిల్లలూ, ఈ పాఠంలో ఒక పెద్ద వెతుకులాట గురించి చదువుకుందాం. వెతుకులాట అంటే వెతకడం. ఎన్నో దేశాల వాళ్ళు, ఎవరి ఇంట్లో వాళ్ళు ఉండి, తమ సొంత కంప్యూటర్లతో కలిసి వెతికారు. వాళ్ళలో చాలామంది ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. వాళ్ళు వెతికింది ఎండని కరెంటుగా మార్చే కొత్త పదార్థం కోసం.

ముందు ఒక మాట నేర్చుకోండి: చేట. వెదురుతో అల్లుతారు. మూడు వైపులా అంచు ఉంటుంది, నాలుగో వైపు తెరిచి ఉంటుంది. మీ అమ్మమ్మని, నానమ్మని అడిగితే చేతులు ఊపి మరీ చూపిస్తారు. ఇప్పుడు మనం కొనే బియ్యం శుభ్రంగానే ఉంటున్నాయి గానీ, అప్పట్లో బియ్యంలో చిన్న చిన్న రాళ్ళు, వడ్లగింజలు ఉండేవి. ఇంట్లో పెళ్ళి అంటే బస్తాల కొద్దీ బియ్యం ఏరాలి. ఒక్కరే కూర్చుంటే ఎప్పటికి అవుతుంది? అందుకని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తలా ఒక చేట పట్టుకుని వచ్చేవాళ్ళు. పెళ్ళింటి పెద్దావిడ ఒక్కొక్కరి చేటలో కొన్ని బియ్యం పోసేది. ఏరి తెచ్చిస్తే మళ్ళీ పోసేది. కబుర్లు చెప్పుకుంటూనే సాయంత్రానికి పని అయిపోయేది. "తలా ఒక చెయ్యి వేయడం" అంటారే, అది ఇదే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పని ముక్కలు చేయడానికి వీలుగా ఉంది. నా చేటలో రాళ్ళు ఏరడానికి పక్కావిడ చేటలో ఏముందో నాకు తెలియక్కర్లేదు. అన్ని పనులూ ఇలా ఉండవు. అన్నం వండటం చూడండి. పది మంది పంచుకున్నా, ఒకరు కడగాలి, తర్వాతే ఇంకొకరు పొయ్యి మీద పెట్టాలి. పదింతలు తొందరగా ఉడకదు!

కంప్యూటర్ చేసే లెక్కల్లో కూడా ఈ రెండు రకాలూ ఉన్నాయి. చేటలాగా పంచుకోగలిగే లెక్క అయితే, దాన్ని లక్షల ముక్కలు చేసి ఊరంతా పంచవచ్చు. 1999 మే నెలలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు "సెటీ ఎట్ హోమ్" అని ఒకటి మొదలుపెట్టారు. ఆకాశం నుంచి వచ్చే రేడియో సంకేతాల్లో, వేరే లోకాల వాళ్ళు పంపినవి ఏమైనా ఉన్నాయా అని వెతకడం దాని పని. లక్షలాది మంది తమ కంప్యూటర్లు ఇచ్చారు. అంటే కంప్యూటర్ని పెట్టెలో పెట్టి పంపించలేదు లెండి! కంప్యూటర్ ఖాళీగా ఉన్న సమయాన్ని ఇచ్చారు. వేరే లోకం వాళ్ళు ఎవరూ దొరకలేదు. కానీ పని పంచే పద్ధతి బాగా కుదిరింది. అదే బర్క్‌లీలో డేవిడ్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త బృందం "బోయింక్" అనే ప్రోగ్రామ్ తయారు చేసింది. ఏ శాస్త్రవేత్త అయినా దాన్ని వాడుకుని తన పనిని ఇలా పంచవచ్చు. బోయింక్‌ని మన పెళ్ళింటి పెద్దావిడ అనుకోండి. ముక్క ఇస్తుంది, జవాబు తీసుకుంటుంది, మళ్ళీ ముక్క ఇస్తుంది. ఇచ్చిన ముక్క గడువులోపల తిరిగి రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తుంది. కొన్ని ప్రాజెక్టుల్లో అయితే ఒకే ముక్కని ఇద్దరికి ఇచ్చి, రెండు జవాబులూ ఒకటేనా అని చూస్తుంది. తెలియని మనుషుల కంప్యూటర్లు కదా, సరిచూసుకోవాలి మరి.

2004 నవంబరులో ఐబీఎం కంపెనీ "వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్" అని మొదలుపెట్టింది. జబ్బులు, నీళ్ళు, తిండి, కరెంటు, ఇలా అందరికీ పనికొచ్చే పరిశోధనలకి స్వచ్ఛందంగా కంప్యూటర్లు ఇచ్చే చోటు అది. స్వచ్ఛందంగా అంటే ఎవరూ బలవంతం చేయకుండా, డబ్బు తీసుకోకుండా, మన ఇష్టంతో అని అర్థం. ఇందులో ఒక మంచి షరతు ఉంది. ఇక్కడ వచ్చిన ఫలితాలు దాచుకోకూడదు, అందరికీ చూపించాలి.

2008 డిసెంబరులో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి అలాన్ అస్పురూ గూజిక్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం ఇక్కడికి ఒక పని తెచ్చింది. దాని పేరు "క్లీన్ ఎనర్జీ ప్రాజెక్ట్".

ఆ పని ఏంటో తెలియాలంటే ముందు సోలార్ ప్యానెల్ సంగతి కొంచెం తెలియాలి. మీ వీధిలో ఇళ్ళ కప్పుల మీద నల్లగా, నీలంగా మెరిసే పలకలు చూసే ఉంటారు. అవి సిలికాన్‌తో చేస్తారు. ఇసుకలో ఉండేది సిలికానే. 1954లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్ వాళ్ళు మొదటిసారి పనికొచ్చే సిలికాన్ సోలార్ సెల్ చేసి చూపించారు. అది తన మీద పడ్డ ఎండలో నూటికి 6 పాళ్ళు మాత్రమే కరెంటుగా మార్చింది. ఇప్పుడు ఇళ్ళ మీద ఉన్నవి దాదాపు 20 పాళ్ళు మారుస్తాయి. కానీ సిలికాన్ కరగాలంటే 1,400 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి. పలక బరువుగా ఉంటుంది, పెళుసుగా ఉంటుంది. పెళుసు అంటే అప్పడం లాగా ఫట్‌మని విరిగేది.

కర్బనంతో చేస్తే? కర్బనం అంటే కార్బన్. బొగ్గులో ఉంది, ప్లాస్టిక్‌లో ఉంది, మీరు పొద్దున తిన్న ఇడ్లీలో కూడా ఉంది. కర్బన పదార్థాలని సిరాలాగా పల్చటి కాగితం మీద అచ్చు వేయవచ్చు. చాపలాగా చుట్టి తీసుకెళ్ళవచ్చు. ఇంత బాగుంటే అందరూ అదే ఎందుకు వాడటం లేదు అంటారా? అప్పట్లో చాలా కర్బన సెల్స్ ఎండలో నూటికి 4, 5 పాళ్ళే కరెంటుగా మార్చేవి. పైగా ఎండకి తొందరగా పాడయ్యేవి. ఎండలో పని చేయాల్సింది ఎండకే పాడైతే ఎలా?

అందుకని ఇంకా మంచి కర్బన అణువు కావాలి. పరమాణువులు కొన్ని కలిస్తే ఒక అణువు. ఎలాంటి అణువు మంచిది? దీన్ని అరుగుతో చెప్తాను. అరుగు అంటే పల్లెటూరి ఇంటి ముందు కూర్చోవడానికి కట్టిన ఎత్తు గట్టు. వెలుగు పడినప్పుడు అణువులోని ఎలక్ట్రాన్ అరుగు మీదకి ఎగరాలి. అరుగు మరీ ఎత్తుగా ఉంటే కొన్ని రంగుల వెలుగు మాత్రమే దాన్ని పైకి ఎక్కించగలదు, మిగతా ఎండ వృథా. అరుగు మరీ పొట్టిగా ఉంటే అన్నీ ఎక్కించేస్తాయి గానీ, అక్కడి నుంచి దిగేటప్పుడు బలం ఉండదు, మిగిలిన శక్తి వేడిగా పోతుంది. సరైన ఎత్తు కావాలి. అంతే కాదు, అరుగు మీదకి ఎక్కిన ఎలక్ట్రాన్ పక్కింటి అరుగు మీదకి, అంటే పక్క పదార్థంలోకి, సులువుగా దాటాలి.

ఒక్కో అణువులో అరుగు ఎత్తు ఎంతో తెలుసుకోవాలంటే ప్రయోగశాలలో ఆ అణువుని తయారు చేయాలి. ఒక్కదానికే నెలలు పట్టవచ్చు. లేదా కంప్యూటర్‌లో లెక్క కట్టాలి. హార్వర్డ్ వాళ్ళు 26 చిన్న ముక్కలు తీసుకున్నారు. ఇంగ్లీషులో అక్షరాలు కూడా 26 కదా! అక్షరాలు కలిపి మాటలు చేసినట్టు, ఈ ముక్కలు కలిపి కంప్యూటర్‌లోనే లక్షల అణువులు చేశారు. ఒక్కో అణువుకీ ఒకటి కాదు, ఎన్నో లెక్కలు. మామూలు ఇంటి కంప్యూటర్ మీద ఒక్క ముక్క పని గంటల తరబడి నడిచేది.

ఇక్కడ కొంచెం మన లెక్క నేర్చుకోండి. ఇంగ్లీషులో 2.3 మిలియన్ అంటే తెలుగులో 23 లక్షలు. 150 మిలియన్ అంటే 15 కోట్లు. వాళ్ళు చూసిన అణువులు 23 లక్షలు. చేసిన లెక్కలు 15 కోట్లు. ఒకే ఒక్క కంప్యూటర్ ఇదంతా చేయాలంటే వేల సంవత్సరాలు కావాలి.

ఇంతమంది దగ్గర అన్ని రోజులు ఓపిక ఎక్కడిది? ఇక్కడే జట్లు, సవాళ్ళు వస్తాయి. జట్టు అంటే టీమ్. వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌లో బడి పిల్లలు, ఒకే ఆఫీసు వాళ్ళు, ఒకే దేశం వాళ్ళు జట్టు కట్టవచ్చు. ఒక జట్టు నాయకుడు ఇంకో జట్టుకి సవాలు విసరవచ్చు: "ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా, ఎవరి కంప్యూటర్లు ఎక్కువ పని చేస్తాయో చూద్దాం రండి!" పాయింట్లు లెక్కపెట్టవచ్చు, పూర్తయిన ముక్కలు లెక్కపెట్టవచ్చు, కంప్యూటర్ నడిచిన సమయం లెక్కపెట్టవచ్చు. బోయింక్ వాడేవాళ్ళకి 2010 నుంచి పెంటాథ్లాన్ అనే పెద్ద పోటీ కూడా ఉంది, జర్మనీకి చెందిన ఒక జట్టు నడుపుతుంది. ఒలింపిక్స్‌లో లాగా ఐదు ఆటలు, ఒక్కో ఆటకి ఒక్కో ప్రాజెక్ట్. బహుమతి డబ్బు ఏమీ ఉండదు, పేరు మాత్రమే.

పోటీ ఉంటే కిటుకులు కూడా ఉంటాయి. కొన్ని జట్లు పోటీకి ముందే పనులు పూర్తి చేసుకుని, పంపకుండా దాచి ఉంచుతాయి. గంట కొట్టగానే అన్నీ ఒక్కసారి గుమ్మరిస్తాయి! ఇది తప్పేం కాదు, చాలామంది చేస్తారు. నాకైతే అంత నచ్చదు. జవాబు కోసం కాచుకుని ఉన్న శాస్త్రవేత్తకి మన పాయింట్లతో పనేముంది? అయితే ఒకటి ఒప్పుకోవాలి. మూల పడి ఉన్న కంప్యూటర్లని దుమ్ము దులిపి మళ్ళీ పనిలో పెట్టించేది ఈ పోటీలే. పెళ్ళి బియ్యం ఏరేటప్పుడు కూడా "నా చేట ముందు అయిపోయింది" అనే పందెం ఉండేది కదా.

మరి ఏం దొరికింది? 2013 జూన్‌లో హార్వర్డ్ వాళ్ళు ఆ 23 లక్షల అణువుల పట్టికని అందరికీ తెరిచి పెట్టారు. అందులో సుమారు 35 వేల అణువులు ఎండలో నూటికి 10 పాళ్ళు, అంతకు మించి కరెంటుగా మార్చగలవని లెక్కలో తేలింది. 11 పాళ్ళు దాటగలిగినవి సుమారు వెయ్యి. అంటే 200 అణువులు చూస్తే మూడు మాత్రమే పనికొచ్చేలా ఉన్నాయి. మిగిలిన 197కీ జవాబు "కాదు".

ఈ లెక్క చెప్పినప్పుడు మా తరగతిలో ఒక బాబు అడిగాడు: "టీచర్, అయితే ఎక్కువ మంది కంప్యూటర్లు వేస్ట్ పని చేశాయా?" చాలా మంచి ప్రశ్న. చేటలో వెతికి "ఇందులో రాళ్ళు లేవు" అని చెప్పినావిడ పని చేయనట్టా? ఆవిడ చూడకపోతే ఆ బియ్యం సంగతి ఎవరికి తెలుస్తుంది? ప్రయోగశాలలో ఆ 197 అణువులనీ తయారు చేసి, ఒక్కొక్కటీ కాదని తెలుసుకోవడానికి ఎన్ని ఏళ్ళు, ఎంత డబ్బు పట్టేదో ఊహించండి. ఇంకో సంగతి. తర్వాత కొందరు శాస్త్రవేత్తలు ఈ పట్టికని కంప్యూటర్లకి పాఠంలా వాడారు. అణువు ఆకారం చూడగానే మంచిదో కాదో అంచనా వేయడం నేర్పడానికి. అలా నేర్పాలంటే "అవును"లు మాత్రమే సరిపోవు, "కాదు"లు కూడా చూపించాలి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. "కంప్యూటర్ లెక్కలో బాగుంది" అంటే "ఇంటి మీద పనిచేస్తుంది" అని కాదు. తయారు చేయడం కష్టం కావచ్చు, ఎండకి పాడైపోవచ్చు. ఈ లోపల సిలికాన్ ఊరుకుందా? ఏడాదికేడాది చవక అయింది. 2017లో ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సోలార్ పార్క్ పూర్తయింది. అక్కడ ఉన్నవి మామూలు గట్టి పలకలే, కర్బన చాపలు కాదు. క్లీన్ ఎనర్జీ ప్రాజెక్ట్ వల్ల మన ఇంటి కప్పు మారలేదు. తరువాత వచ్చే శాస్త్రవేత్తలకి ఎక్కడ వెతకాలో, ఎక్కడ వెతకనక్కర్లేదో చెప్పే పటం మిగిలింది. ఐబీఎం కూడా 2021లో వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌ని కెనడాలోని టొరంటోలో ఉన్న క్రెంబిల్ పరిశోధన సంస్థకి అప్పగించింది. అస్పురూ గూజిక్ గారు కూడా ఇప్పుడు టొరంటోలోనే ఉన్నారు.

మీకు కూడా చేరాలని ఉందా? ముందు ఇంట్లో అడగాలి. బడి ల్యాప్‌టాప్‌లో, వేరే వాళ్ళ కంప్యూటర్‌లో అడగకుండా ఏదీ పెట్టకూడదు. ఎందుకంటే ఇది పూర్తిగా ఉచితం కాదు. ఖాళీగా ఉన్న కంప్యూటర్ కన్నా పని చేసే కంప్యూటర్ ఎక్కువ కరెంటు తాగుతుంది. కరెంటు బిల్లులో ఇక్కడ కిలోవాట్ అవర్ అని ఉంటుంది, మన దగ్గర దాన్నే యూనిట్ అంటారు. ఒక కంప్యూటర్ 50 వాట్లు ఎక్కువ వాడుతూ 10 గంటలు నడిస్తే అర యూనిట్. కొంచెమే, కానీ ఆ బిల్లు కట్టేది అమ్మా నాన్నా. ఎండ కరెంటు కోసం వెతుకుతూ బొగ్గు కరెంటు కాల్చడం ఏమిటని కొందరు అడుగుతారు, అదీ న్యాయమైన ప్రశ్నే. అందుకే బోయింక్‌లో "నేను వాడుతున్నప్పుడు ఆగు", "బ్యాటరీ మీద ఉంటే ఆగు", "సగం బలమే వాడు" అని చెప్పడానికి వీలు ఉంది. ఉడతాభక్తి అనే మాట మీ పెద్దవాళ్ళు వాడుతుంటారు. ఉడత ఎంత ఇసుక మోయగలిగితే అంతే మోసింది.

చేసి చూడండి: ఒక గిన్నెడు బియ్యంలో 20 మెంతులు కలపండి. ఒక్కరే ఏరితే ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. మళ్ళీ కలిపి, నలుగురు తలా ఒక పళ్ళెం తీసుకుని ఏరండి. పంచడానికి, తిరిగి గిన్నెలో పోయడానికి పట్టిన సమయం కూడా కలపండి. నాలుగో వంతు సమయమే పట్టిందా? లేకపోతే ఎందుకు పట్టలేదు?

ఇంట్లో అడిగి రాయండి: మీ అమ్మమ్మ, తాతయ్యల ఊళ్ళో అందరూ కలిసి పంచుకుని చేసిన పని ఒకటి చెప్పమనండి. ఆ పనిని ముక్కలు చేయవచ్చా, లేక అన్నం వండినట్టు ఒకదాని తర్వాత ఒకటి చేయాలా? ఐదు వాక్యాల్లో తెలుగులో రాయండి.